పొగమంచు గుట్టు విప్పిన హాగెన్-స్మిట్

అది రెండవ ప్రపంచ సంగ్రామం సాగుతున్న కాలం. 1943 జూలై మాసంలో ఒకనాడు అమెరికా పశ్చిమతీరంలోని లాస్ ఏంజిలస్ నగరాన్ని దట్టమైన పొగ కమ్ముకొంది. మూడు వీధుల అవతల ఏమున్నదో కానరాలేదు. జనుల కన్నులు మండి నీరు కారాయి. గొంతులు రాసుకొనిపోయాయి. జపాను సైన్యం విషవాయువును ప్రయోగించిందేమోనని కొందరు భయపడ్డారు. అది శత్రువుల పని కాదని త్వరలోనే తేలింది గాని, పొగ మాత్రం మరల మరల వస్తూనే ఉంది. కృత్రిమ రబ్బరుకు కావలసిన బ్యూటాడైన్‌ను తయారుచేసే ఒక కర్మాగారాన్ని అనుమానించి కొంతకాలం మూయించారు. పొగ తగ్గలేదు. పెరళ్లలో చెత్త కాల్చే పొయ్యిలు కారణమని కొందరన్నారు. చమురు శుద్ధి కర్మాగారాలే కారణమని మరికొందరన్నారు. ప్రతివారూ ఎదుటివారి వైపే వేలు చూపారు. అసలు దోషులలో ప్రధానమైనది ప్రతి ఇంటి ముంగిట్లోనూ నిలిచి ఉన్నదని నిరూపించినవాడు ఒక రసాయన శాస్త్రజ్ఞుడు. పూల వాసనలను, పండ్ల రుచులను పరిశోధించడం ఆయన వృత్తి. ఆయన పేరు అరీ యాన్ హాగెన్-స్మిట్.

హాగెన్-స్మిట్ 1900 డిసెంబరు 22న హాలెండు దేశంలోని ఉట్రెక్ట్ నగరంలో జన్మించారు. తండ్రి ఆ నగరంలోని రాజ టంకశాలలో రసాయనవేత్త. లోహాల స్వచ్ఛతను పరీక్షించే ఇంట పుట్టిన బాలునికి రసాయనశాస్త్రం మీద మక్కువ కలగడంలో ఆశ్చర్యం లేదు. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలోనే ఉన్నత విద్య నభ్యసించి 1929లో డాక్టరేటు పట్టం పొందారు. మొక్కలలోని సుగంధ తైలాలకు మూలమైన టెర్పీనులు ఆయన పరిశోధనాంశం.

ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివే విద్యార్థులకు ఆక్సిన్ అనే మాట సుపరిచితమే. మొక్క కాండం వెలుతురు వైపు వంగడానికి, వేరు నాటుకోవడానికి తోడ్పడే వృద్ధి హార్మోను అది. ఆక్సిన్లలో ప్రధానమైన ఇండోల్ ఎసిటిక్ ఆమ్లాన్ని 1934లో గుర్తించిన ఉట్రెక్ట్ బృందంలో ఆచార్య కోగల్‌తో పాటు హాగెన్-స్మిట్ కూడా ఉన్నారు. ఈ పరిశోధనల మూలంగా ఆయన పేరు సముద్రాలు దాటింది. 1936లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆయనను ఆహ్వానించింది. మరుసటి సంవత్సరమే ఆయన పాసడీనాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో చేరారు. కాల్‌టెక్ అని ప్రసిద్ధి పొందిన సంస్థ అదే. లాస్ ఏంజిలస్‌ను ఆనుకొని, కొండల పాదాల వద్ద ఉన్న పట్టణం పాసడీనా. ఆయన శేషజీవితమంతా అక్కడే గడిచింది.

కాల్‌టెక్‌లో ఆయన పని వృక్షాల చుట్టూ, వాటి వాసనల చుట్టూ తిరిగింది. గాయపడిన చిక్కుడుకాయ కణజాలం తిరిగి పెరగడానికి ప్రేరణనిచ్చే ఆమ్లాన్ని సహచరులతో కలిసి వేరుచేశారు. పైన్ చెట్ల జిగురు నుండి వచ్చే తైలాలను విశ్లేషించారు. అనాసపండుకు ఆ పరిమళం ఎట్లా వస్తుందన్న ప్రశ్న ఆయనను కొన్ని సంవత్సరాలు పట్టుకొంది. వాసననిచ్చే ద్రవ్యాలు పండులో అణుమాత్రంగా ఉంటాయి. పండ్లను గుట్టలుగా తెప్పించి, వాటి నుండి వెలువడే ఆవిరులను అతిశీతల నాళికలలో బంధించి, చిక్కిన కొద్ది బిందువులను ఒక్కొక్క ద్రవ్యంగా విడదీయాలి. ఓర్పు, చేతి నేర్పు, సూక్ష్మమైన ముక్కు, ఈ మూడూ ఉన్నవారికే సాధ్యమయ్యే పని. ఈ పనికై సమకూర్చుకొన్న సామగ్రియే తరువాత చరిత్రను మార్చింది.

1947లో లాస్ ఏంజిలస్ ప్రాంతానికి వాయు కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. దాని అధిపతి మెక్‌కేబ్. బొగ్గుపొగ విషయంలో అనుభవమున్నవారు కనుక ఆయన దృష్టి సహజంగానే గంధక డయాక్సైడు మీద పడింది. లండన్ వంటి నగరాలలో పొగకు అదే ప్రధాన కారణం. కాని మండలికి సలహాదారుగా ఉన్న ఆర్నాల్డ్ బెక్‌మన్‌కు ఆ మాట నచ్చలేదు. పీహెచ్ మీటరు నిర్మాతగా పేరొందిన బెక్‌మన్ పూర్వం కాల్‌టెక్‌లో అధ్యాపకులు. ఈ పొగలో గంధకపు వాసన లేదని ఆయన ముక్కు చెప్పింది. వాసనను గురించి సందేహం వస్తే అడుగదగిన వ్యక్తి ఎవరో ఆయనకు తెలుసు.

1948లో హాగెన్-స్మిట్ ప్రయోగశాల కిటికీ అవతలి గాలిని పరీక్షకు తీసుకొన్నారు. సుమారు 30,000 ఘనపుటడుగుల పాసడీనా గాలిని అతిశీతల నాళికల గుండా పంపారు. అనాస పరిమళాన్ని పట్టిన రీతిలోనే పొగమంచునూ పట్టారు. నీటి ఆవిరి గడ్డకట్టగా మిగిలింది కొద్ది చుక్కల గోధుమరంగు ద్రవం. దాని వాసన ముక్కును పొడిచింది. పరీక్షించి చూడగా అందులో గంధకానికి ప్రాధాన్యం లేదు. ఉన్నవి సగం ఆక్సీకరణం చెందిన సేంద్రియ పదార్థాలు, పెరాక్సైడులు. పెట్రోలు ఆవిరులను ఏదో బలమైన ఆక్సీకరణి పట్టి మార్చినట్లుగా కనిపించింది. కొద్ది చుక్కల ద్రవం వేలాది పుటల నివేదికల కన్న ఎక్కువ చెప్పింది.

ఆక్సీకరణి ఎక్కడిది? హాగెన్-స్మిట్ మనసును పట్టిన ప్రశ్న ఇది. కాల్‌టెక్ నుండి ఒక సంవత్సరం సెలవు తీసుకొని మండలి ప్రయోగశాలలో పనిచేశారు. క్రమక్రమంగా సమాధానం రూపుకట్టింది. మోటారు ఇంజనులో మంట ఉష్ణోగ్రత ఎక్కువ కావడంవల్ల గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నత్రజని ఆక్సైడులు ఏర్పడతాయి. పూర్తిగా మండని పెట్రోలు హైడ్రోకార్బన్ల రూపంలో సైలెన్సర్ గొట్టం గుండా వెలుపలికి వస్తుంది. ఈ రెండూ వేరువేరుగా ఉన్నప్పుడు వచ్చే బాధ తక్కువ. ఎండ తగిలితే కథ మారుతుంది. సూర్యకాంతి నత్రజని డయాక్సైడును విడగొట్టి ఒక ఆక్సిజన్ పరమాణువును వెలువరిస్తుంది. అది గాలిలోని ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. హైడ్రోకార్బన్లు లేనట్లయితే ఆ ఓజోన్ మరల నైట్రిక్ ఆక్సైడుతో కలిసి నశిస్తుంది. అవి ఉన్నప్పుడు ఈ నాశనానికి అడ్డుపడతాయి. కనుక ఓజోన్ పోగుపడుతుంది. భూమికి ఎంతో ఎత్తున ఉండి మనలను అతినీలలోహిత కిరణాల నుండి కాపాడే ఓజోనే నేలమీద, మన ముక్కు వద్ద పుడితే ఊపిరితిత్తులకు శత్రువు. ఒకే పదార్థం తానున్న చోటును బట్టి మిత్రుడూ శత్రువూ కావడం ప్రకృతిలోని వింత.

లాస్ ఏంజిలస్‌కు ఈ శాపం అధికంగా తగలడానికి దాని భూగోళమే కారణం. ఒకవైపు సముద్రం, తక్కిన వైపుల కొండలు. సముద్రం మీది చల్లని గాలి నేలను అంటిపెట్టుకొని ఉండగా దానిపై వెచ్చని గాలి మూతవలె పరచుకొంటుంది. కుండ మీద మూత పెట్టినట్లు లోపలి పొగ పైకి పోదు. పైగా ఏడాదిలో అధికభాగం తెరపిలేని ఎండ. ఆ కుండలో లక్షలాది కార్లు ఉదయం నుండి సాయంత్రం దాకా తిరుగుతున్నాయి. పొగమంచు పొద్దున కాక మధ్యాహ్నానికి ముదరడానికి కారణం కూడా ఈ ఎండే.

సిద్ధాంతం చెప్పడం వేరు, నమ్మించడం వేరు. చమురు సంస్థల సంఘం ధనసహాయంతో పరిశోధన చేస్తున్న స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు హాగెన్-స్మిట్ నిర్ణయాలను తోసిపుచ్చారు. వారిలో ఒకరు కాల్‌టెక్‌కే వచ్చి ప్రసంగిస్తూ ఆయన పనిని తేలికచేసి మాట్లాడారు. అంతవరకు ఆయనకు పొగమంచు మీద జీవితాంతం పనిచేయాలన్న తలంపు లేదు. తన పూలకు, పండ్లకు తిరిగి పోదామనుకొన్నారు. శ్రోతలలో కూర్చుండి ఆ ప్రసంగం విన్న క్షణంలో అది మారింది. వ్యక్తి మీది కోపం ఒక్కొక్కప్పుడు లోకానికి మేలు చేస్తుంది. అయితే ఆయన కోపం మాటలలో కాక ప్రయోగాలలో బయటపడింది.

పారదర్శకమైన గదులలో పాలకూర, బీటు, ఓట్లు, అల్ఫాల్ఫా గడ్డి మొదలైన మొక్కలను పెంచి, వాటిపైకి పెట్రోలు ఆవిరిని, ఓజోన్‌ను కలిపి పంపారు. లాస్ ఏంజిలస్ పరిసరాల రైతుల పొలాలలో ఆకుల అడుగున కనిపించే వెండి మెరుపు వంటి మచ్చలే ఇక్కడా కనిపించాయి. పెట్రోలు ఆవిరిని నత్రజని డయాక్సైడుతో కలిపి వెలుతురులో ఉంచినా అదే ఫలితం వచ్చింది. అందులో నిలిచిన మనుషుల కళ్లు నగరంలో మండినట్లే మండాయి. ఆ ప్రాంతపు మోటారు టైర్లు తక్కిన చోట్లకంటె త్వరగా పగులుతాయని అందరూ ఎరిగిన విషయమే. హాగెన్-స్మిట్ ఆ పగుళ్లనే కొలమానం చేసుకొన్నారు. రబ్బరు ముక్కను వంచి గాలిలో ఉంచి, ఎన్ని నిమిషాలకు పగులు కనిపిస్తుందో చూసేవారు. ఓజోన్ ఎక్కువైనకొద్దీ ఆ సమయం తగ్గుతుంది. విలువైన యంత్రాలేవీ అక్కరలేని పరీక్ష అది. 1952లో ఈ ఫలితాలను శాస్త్రపత్రికలో ప్రకటించారు. ఆ ఏడు డిసెంబరులోనే లండన్‌లో బొగ్గుపొగ వేలాదిమందిని బలిగొన్నది. రెండు నగరాల పొగలు పేరుకు ఒకటే గాని స్వభావంలో వేరు. ఆ భేదాన్ని స్పష్టంగా చూపినది హాగెన్-స్మిట్ పరిశోధనే.

నిరూపణ జరిగినంత మాత్రాన కార్లు మారలేదు. 1953లో లాస్ ఏంజిలస్ జిల్లా పాలకులలో ఒకరైన కెనెత్ హాన్ ఫోర్డ్ కంపెనీకి లేఖ వ్రాసి, వాహనాల పొగను తగ్గించడానికి ఏమి చేస్తున్నారని అడిగారు. కార్ల పొగ గాలిలో త్వరగానే కలిసిపోతుందని, అది వాయు కాలుష్యానికి దారితీయదని తమ ఇంజనీర్ల అభిప్రాయమన్నట్లుగా కంపెనీ సమాధానమిచ్చింది. తరువాత సంవత్సరాలలో మోటారు సంస్థలు పరిశోధన చేస్తున్నామన్నాయి గాని, బండికి అమర్చదగిన పరికరం మాత్రం బయటికి రాలేదు. పొగ తగ్గించే పరికరాల రాకను ఆలస్యం చేయడానికి సంస్థలన్నీ కలిసి కుట్ర చేశాయని ఆరోపిస్తూ 1969లో అమెరికా ప్రభుత్వ న్యాయశాఖ వ్యాజ్యం వేసింది. విచారణ లేకుండానే ఒప్పందపు తీర్పుతో అది ముగిసింది. ప్రజల తీరు కూడా ఏమంత భిన్నం కాదు. పెరటిలో చెత్త కాల్చే పొయ్యిలను 1957లో నిషేధించినప్పుడు గొణిగినవారే, తమ కారు మాట వచ్చేసరికి చెవులు మూసుకొన్నారు.

పరికరం తానుగా రానప్పుడు చట్టమే దానిని రప్పించాలి. 1960లో కాలిఫోర్నియా రాష్ట్రం మోటారు వాహన కాలుష్య నియంత్రణ సంఘాన్ని నెలకొల్పింది. దాని తొలి సభ్యులలో హాగెన్-స్మిట్ ఒకరు. మొదటి విజయం ఒక చిన్న వాల్వు ద్వారా వచ్చింది. ఇంజనులో పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత పెట్రోలు ఆవిరి క్రాంక్‌కేసులోకి జారుతుంది. ఆనాటి కార్లలో దానిని ఒక గొట్టం గుండా రోడ్డు మీదికే వదిలేవారు. దానిని తిరిగి ఇంజనులోకే పంపి మండించే వాల్వును 1963 మోడల్ కార్ల నుండి తప్పనిసరి చేస్తూ 1961లోనే ఉత్తర్వు వెలువడింది. ఖర్చు స్వల్పం. ఫలం గణనీయం.

సైలెన్సర్ గొట్టం నుండి వచ్చే పొగ విషయం ఇంత సులువుగా తేలలేదు. రాష్ట్రం చేసిన చట్టంలో చిత్రమైన నిబంధన ఒకటి ఉంది. ఎవరు తయారుచేసినవైనా సరే, ప్రమాణాలకు నిలిచే పరికరాలు కనీసం రెండింటిని సంఘం ఆమోదిస్తే, ఆ తరువాత కొత్త కార్లన్నిటికీ అటువంటి పరికరం తప్పనిసరి అవుతుంది. మోటారు సంస్థలు 1967 మోడల్‌కు ముందు తమవల్ల కాదన్నాయి. 1964 జూన్ మాసంలో సంఘం నాలుగు పరికరాలను ఆమోదించింది. వాటి తయారీదారులు కార్ల కంపెనీలు కావు, విడిభాగాలు, రసాయనాలు తయారుచేసే ఇతర సంస్థలు. తమ కార్లలో ఇతరుల పరికరాలను కొని అమర్చవలసి వస్తుందని తెలిసిన కొద్ది వారాలకే, 1966 మోడల్ కార్లలో సొంత ఏర్పాట్లు చేయగలమని కార్ల కంపెనీలు ప్రకటించాయి. సంవత్సరాల తరబడి అసాధ్యమన్నది వేసవి ముగిసేలోగా సాధ్యమైంది. హైడ్రోకార్బన్లకు, కార్బన్ మోనాక్సైడుకు పరిమితులు విధించిన తొలి రాష్ట్రంగా 1966లో కాలిఫోర్నియా నిలిచింది.

1967లో రాష్ట్రంలోని విడివిడి సంఘాలను కలిపి వాయు వనరుల మండలిని ఏర్పాటుచేస్తూ చట్టం వచ్చింది. ఆ మండలికి తొలి అధ్యక్షులుగా హాగెన్-స్మిట్ నియమితులయ్యారు. 1968 ఫిబ్రవరిలో తొలి సమావేశం జరిగింది. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలకన్న కఠినమైన ప్రమాణాలను విధించుకొనే వెసులుబాటు కాలిఫోర్నియాకు అప్పటికే లభించింది. అంత పెద్ద విపణిని వదులుకోలేక కంపెనీలు కాలిఫోర్నియాకై కార్లను మార్చుకొనేవి. ఒక రాష్ట్రపు నిబంధన ఈ విధంగా లోకమంతటికీ దారి చూపింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడు తగ్గడానికి ఇంజనులో గాలిపాలు పెంచారు. పెట్రోలు చక్కగా మండింది, కాని వేడి పెరిగి నత్రజని ఆక్సైడులు ఎక్కువయ్యాయి. పొగమంచు పుట్టడానికి రెండూ కావాలి. ఒకదానిని అణచబోగా రెండవది తలెత్తింది. పొగమంచు రసాయనశాస్త్రాన్ని బోధించిన వ్యక్తియే అధ్యక్షస్థానంలో ఉండడం ఇటువంటి సమయంలో అక్కరకు వచ్చింది. 1971లో మండలి నత్రజని ఆక్సైడులకూ పరిమితి విధించింది. దేశంలో అదే మొదటిది.

మూడింటినీ ఒక్కసారిగా అణచే పరికరం ఏది? ఫ్రాన్సు దేశస్థుడైన యూజీన్ హౌడ్రీ అనే ఇంజనీరు 1950 ప్రాంతం నుండే ఉత్ప్రేరకంతో పొగను శుద్ధిచేసే పరికరంపై కృషిచేశారు. అదే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు తొలిరూపం. ప్లాటినం వంటి లోహపు పూత మీదుగా పొగను పంపితే మండని పెట్రోలు, కార్బన్ మోనాక్సైడు హానిలేని బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారతాయి. కాని ఆనాటి పెట్రోలులో ఇంజను చప్పుడు తగ్గడానికి సీసపు సమ్మేళనం కలిపేవారు. ఆ సీసం ఉత్ప్రేరకపు ఉపరితలాన్ని కప్పివేసి దానిని పనికిరాకుండా చేసేది. హౌడ్రీ 1962లో మరణించారు. తన పరికరం వీధికెక్కడం ఆయన చూడలేదు. 1970 నాటి పరిశుభ్ర వాయు చట్టం కార్ల కాలుష్యాన్ని తొంభై శాతం తగ్గించాలని శాసించిన మీదట సీసం లేని పెట్రోలు అమ్మకానికి వచ్చింది. 1975 మోడల్ కార్లకు ఈ పరికరం అమరింది. సీసం తొలగడం పిల్లల ఆరోగ్యానికి కూడా మహోపకారం చేసింది.

అటుపైన వచ్చినది మూడు కాలుష్యాలనూ ఒకేసారి మార్చే కన్వర్టర్. గాలి, పెట్రోలు పాళ్లు సరిగ్గా కుదిరినప్పుడే అది పనిచేస్తుంది. పొగలోని ఆక్సిజన్‌ను కనిపెట్టి ఇంజనుకు ఎప్పటికప్పుడు సంకేతమిచ్చే సెన్సర్ దానికి తోడైంది. ఈ రెండింటితో కూడిన వోల్వో కారు 1977 మోడల్‌గా కాలిఫోర్నియాలోనే మొదట అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, ముంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలోని కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2000 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలు అమలులోకి వచ్చింది. భారత్ స్టేజ్ ప్రమాణాలు హైదరాబాదు వంటి పెద్ద నగరాలలో ముందుగా, తక్కిన ప్రాంతాలలో ఆ తరువాత కఠినమవుతూ వచ్చాయి. ఆరవ దశ ప్రమాణాలు మాత్రం 2020 ఏప్రిల్ 1 నుండి పల్లె, పట్నం అన్న భేదం లేకుండా అంతటా ఒకేసారి వచ్చాయి. అరిగిన కన్వర్టర్ పైకి బాగానే కనబడుతుంది, పొగను మాత్రం శుద్ధిచేయదు. బండికి ఏటేటా కాలుష్య పరీక్ష జరిపించడంలోని అవసరం ఇదే.

హాగెన్-స్మిట్ 1971లో ఆచార్య పదవి నుండి విరమించారు. మండలి అధ్యక్షులుగా 1973 వరకు పనిచేశారు. అమెరికా ప్రభుత్వం ఇచ్చే జాతీయ విజ్ఞాన పతకం ఆయనకు లభించింది. 1974లో పర్యావరణ కృషికై నెలకొల్పిన టైలర్ బహుమతిని తొలిసారి అందుకొన్న ముగ్గురిలో ఆయన ఒకరు. ఇన్ని గౌరవాలు వచ్చినా సుగంధాల పరిశోధనను అర్ధాంతరంగా వదిలివేశారే అన్న లోటు ఆయన శాస్త్రజీవితాన్ని తలచినవారికి కలుగుతుంది. వాసనల శాస్త్రానికి కలిగిన ఆ నష్టం ఊపిరి పీల్చే ప్రతివారికీ లాభమైంది.

1977 మార్చి 17న పాసడీనాలో ఊపిరితిత్తుల క్యాన్సరుతో ఆయన కన్నుమూశారు. ఎల్ మాంటే పట్టణంలో వాయు వనరుల మండలి నిర్వహించిన వాహన పరీక్షాశాలకు ఆయన పేరు పెట్టారు. కొత్త కార్లను రోలర్ల మీద నడిపి, గొట్టం నుండి వచ్చే పొగను సంచులలో పట్టి కొలిచే పని అక్కడ దశాబ్దాల పాటు జరిగింది. 2021లో రివర్‌సైడ్ నగరంలో మరింత విశాలమైన పరీక్షాశాల వెలసింది. పరిశుభ్ర వాయువు కోసం పాటుపడినవారికి 2001 నుండి ఆ మండలి ఇస్తున్న పురస్కారాలు హాగెన్-స్మిట్ పేరుతోనే సాగుతున్నాయి.